నారు అడిగితే కాదనని మనిషి

మొన్న కోదాడ నుంచి మిర్యాలగూడ పోతుంటే దారిలో బస్సు టైరు పంక్చరైంది. అందరం దిగి రోడ్డు మీద నిలబడి డ్రైవర్‌ని తలా ఒక మాట అన్నాం. టైరు అతను చేసింది కాదని తెలిసినా అన్నాం. నేను రెండు మాటలు ఎక్కువే అన్నాను. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పిన నోరు, రిటైరైనంత మాత్రాన ఊరుకోదు.

రోడ్డు పక్కన కాలువ కింద నాట్లు పడుతున్నాయి. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు, చీరల మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కాలు తొడుక్కుని, నడుములు వంచి, వెనక్కి నడుస్తూ నాటుతున్నారు. గట్టు మీద నుంచి ఒకామె నారు కట్టలు విసురుతోంది. ఒక కట్ట పోయి నాటే మనిషి వీపు మీద పడింది. 'ఆమె అయితే ఇట్లా విసరదే' అనుకున్నాను. అనుకున్నాక గుర్తొచ్చింది, ఆమె పోయి నెలన్నర దాటిందని. బస్సు బాగయ్యేదాకా నేను మళ్లీ ఎవరినీ ఏమీ అనలేదు.

ఆమె పేరు రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. చివ్వెంల దగ్గరి ఒక తండా ఆమెది. నాట్ల గుంపుకు మేస్త్రి. అంటే ఇరవై మంది ఆడవాళ్లను కూడగట్టి, రైతులతో మాట్లాడి, తెల్లవారకముందే ట్రాలీ ఆటో ఎక్కించి, వానాకాలం, యాసంగి రెండు పంటలకూ సూర్యాపేట నుంచి కోదాడ, మిర్యాలగూడ దాకా నాట్లు వేయించే మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేది. చేతులు ఎప్పుడూ బురదలో ఉంటాయి కాబట్టి మిగతా పనులన్నీ మోచేత్తో చేసేది. నుదుటి చెమట తుడుచుకోవడం మోచేత్తో, ముఖం మీది వెంట్రుకలు తోసుకోవడం మోచేత్తో, మాట వినని మనిషిని పక్కకు జరపడమూ మోచేత్తోనే. బురద అంటని రోజున కూడా ఆ అలవాటు పోలేదు. మా బడికి వచ్చినప్పుడు హెడ్మాస్టరు గది తలుపు మోచేత్తో నెట్టుకునే లోపలికి వచ్చింది.

ఆమె కూతురు మా బడిలో చదివేది. తల్లిదండ్రుల సమావేశానికి రెండు గంటలు ఆలస్యంగా వచ్చినందుకు నేను కోప్పడ్డాను.

"నారు ముదురుతది సార్. మీ మీటింగు ముదురదు గదా" అంది.

కోపమొస్తే ముందు తెలుగులో తిట్టేది, మనకు అర్థం కావాలని. తర్వాత లంబాడీలో తిట్టేది, తనకు తృప్తి కావాలని. గుంపులో కొత్తగా చేరిన పిల్లలకు ఆమె చెప్పే పాఠం ఒక్కటే: "వంగినంక ఒడ్డు దిక్కు సూడొద్దు." ఇంకా ఎంత మడి మిగిలిందో తలెత్తి చూశావంటే నడుము అక్కడే విరుగుతుందని దాని అర్థం. కింద ఉన్న జానెడు బురదను చూసుకుంటూ పోతే మడి దానంతటదే అయిపోతుందట. నేను జీవితంలో ప్రతి పనికీ ముందు ఒడ్డు దిక్కే చూసినవాణ్ని. అందుకే ఆ మాట నాకు నచ్చేది కాదు.

నాకు ఆత్మకూర్ (ఎస్) దగ్గర మూడెకరాలుంది. బడి ఉన్న రోజుల్లో కూడా దాన్ని వదల్లేదు. ఒక వానాకాలం దమ్ము చేయించి మడి సిద్ధంగా పెట్టుకున్నాను. దమ్ము అంటే తెలియనిదేముంది, నీళ్లు పెట్టి, ట్రాక్టరుతో మట్టినంతా కలియదున్ని, పాత గడ్డీ పాత మొలకా ఏదీ మిగలకుండా బురద చేయడం. రెండు రోజుల్లో నాటు వేయాలి. అంతలో ముసురు పట్టుకుని నారుమడి మునిగింది. నీళ్లు తీసేసరికి నారంతా కుళ్లిపోయింది. నేను గట్టు మీద నెత్తి పట్టుకుని కూర్చున్నాను. ఆమె వచ్చి నా ముఖం చూడలేదు, మడి చూసింది.

"దమ్ము చేసిన మడి సార్ ఇది. దీన్ని గిట్ల ఇడిచిపెడ్తమా?" అని ఆటో వెనక్కి తిప్పించింది. మధ్యాహ్నానికి ట్రాలీ నిండా నారు తెచ్చింది. చివ్వెంల దిక్కు ఎవరో రైతుకు నాట్లయిపోయి మిగిలిన నారట. నేను సంబరంగా జేబులో చెయ్యి పెట్టాను.

"నారుకు పైసలా!" అని నవ్వింది. "గాయన గీ మాట ఇంటె ఏమనుకుంటడు సార్?"

ఆ సంగతి నాకు తెలియక కాదు. మా దిక్కు మిగిలిన నారు అమ్ముకోరు. అడిగినవాడి ఊరు, కులం, పార్టీ ఏదీ చూడరు. ఉంటే పీక్కుపొమ్మంటారు. ఏదో మొహమాటానికి చెయ్యి పెట్టాను. సరే, ఆ రైతు పేరైనా చెప్పమన్నాను.

"పేరెందుకు సార్, పిల్లనిస్తరా? నారు వచ్చింది. వంగుండ్రి ఇగ" అంది. నేను వంగలేదనుకోండి, గుంపు వంగింది.

కరోనా తగ్గిన ఏడాది ఒక ఆదివారం హైదరాబాద్ నుంచి నలుగురు యువకులు, ఒకమ్మాయి మా బడికి వచ్చారు. రక్త క్యాన్సర్ లాంటి జబ్బులు వచ్చినవాళ్లకు మూలకణాలు ఇవ్వడానికి ముందుకొచ్చే వాళ్ల పేర్లు రాసుకుంటారట. ఒక గది అడిగితే ఇచ్చాం. కాలేజీ పిల్లలు, టీచర్లు వరసలో నిలబడ్డారు. నేనూ ముందుకు పోయాను. వయసు దాటిపోయింది సార్ అన్నారు. పైకి అయ్యో అన్నాను. లోపల హమ్మయ్య అనుకున్నాను.

కూతుర్ని పదో తరగతి ప్రత్యేక క్లాసుకు దింపడానికి వచ్చిన ఆమె, వరస కనిపించగానే వచ్చి అందులో నిలబడింది. మనకు వరస కనిపిస్తే ముందు నిలబడటం, తర్వాత అడగడం కదా అలవాటు.

"ఏమిస్తున్రు సార్ గీడ?"

"ఇచ్చేదేం లేదమ్మా. తీసుకునుడే."

"ఏం తీసుకుంటరు?"

నేను ఆ అమ్మాయిని చూపించాను. ఆ అమ్మాయి విసుక్కోకుండా మొదటి నుంచి చెప్పింది. మన రక్తం ఎముకల లోపలి మూలుగలో తయారవుతుంది. కొందరికి ఆ మూలుగే చెడిపోతుంది. అప్పుడు ఇంకొకరి ఒంట్లోంచి మంచి కణాలు తీసి ఎక్కించాలి. ఎవరివి పడితే వాళ్లవి పనికిరావు, జత కుదరాలి. తోడబుట్టినవాళ్లతోనైనా నలుగురిలో ఒకరికే కుదరొచ్చు. కుదరకపోతే ముక్కూ ముఖం తెలియని వాళ్లలో వెతకాలి. ఆ జత కూడా చాలావరకు మన దిక్కు మనుషుల్లోనే దొరుకుతుంది. ఇప్పుడు ఇచ్చేది దవడ లోపల దూదిపుల్లతో రుద్దిన నమూనా ఒక్కటే. జత కుదిరితే ఎప్పుడో పిలుస్తారు, అసలు పిలవకపోనూవచ్చు.

"బొక్క కోస్తరా?" అని అడిగింది ఆమె.

"కొయ్యరమ్మా. ఐదు రోజులు సూదులు ఇస్తారు. ఆ కణాలు రక్తంలోకి వస్తాయి. చేతి నరం నుంచి రక్తం తీసి మిషన్‌లో తిప్పి, కావలసినవి తీసుకుని మిగతా రక్తం మళ్లీ మీకే ఎక్కిస్తారు. తీసినవి కొన్ని వారాల్లో మళ్లీ పుడతాయి. ఎప్పుడైనా తుంటి ఎముక నుంచి తీయాల్సి వస్తే మత్తు ఇచ్చి సూదితోనే తీస్తారు. వెన్నుపూస ముట్టుకోరు."

"మరి మా తండా పిల్లకు గీ రోగమొస్తె?"

"మీ తండా నుంచి ఎంతమంది పేర్లు రాయించారమ్మా?"

"ఒక్కరు గూడ లేరు."

"అదేనమ్మా కష్టం."

ఆమె ఇంకేమీ అడగలేదు. "కరోనాల ముక్కుల పెట్టిరి, గిప్పుడు నోట్ల పెడ్తున్రు" అంటూ నోరు తెరిచింది. ఫోన్ నంబర్ అడిగితే నన్ను మోచేత్తో పొడిచింది. "నా నంబరు నెలకోటి మారుతది. సార్‌ది రాయుండ్రి." రాశారు. ఆ తర్వాత ఆ సంగతి ఆమె మరిచిపోయింది, నేనూ మరిచిపోయాను.

రెండేళ్ల తర్వాత ఆగస్టులో ఒక సోమవారం ఆ అమ్మాయే ఫోన్ చేసింది. ఆమె నమూనా ఒక చిన్నపాపకు జత కుదిరేలా ఉందట. ఇంకా పరీక్షలు చేయాలట. ఆమెను వెంటనే కలవాలట.

"పాప ఎవరమ్మా, ఎక్కడ?"

"అది చెప్పకూడదు సార్. మందులతో జబ్బు ఇప్పటికి అణిగి ఉంది. ఎన్నాళ్లు అణిగి ఉంటుందో ఎవరికీ తెలియదు. ఇంకో జత ఎక్కడా దొరకలేదు."

చెప్తానని ఫోన్ పెట్టేశాను. చెప్పలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది, బుధవారం కూడా గడిచింది. ఆమెకు ఏమన్నా అయితే తండా అంతా వచ్చి నా ఇంటి ముందు కూర్చుంటుందనుకున్నాను. ఆ ఒంటి మీదే కదా ఆ ఇల్లు నడిచేది అనుకున్నాను. ఆమె దొరకలేదని చెప్తే సరిపోతుంది కదా అని కూడా అనుకున్నాను. మూలుగ నుంచి రక్తం ఎలా పుడుతుందో బోర్డు మీద బొమ్మ గీసి ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ని నేను. ఆ కణాలు ఇచ్చిన మనిషికి ఏమీ కాదని నాకంటే బాగా తెలిసినవాడు మా వీధిలో లేడు. తెలియడం వేరు, భయం వేరు అని అప్పుడు తెలిసింది. బుధవారం సాయంత్రం ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. "సార్, చెప్పారా?" అంది. తిట్టలేదు. అంతే అడిగింది.

గురువారం పొద్దున తండాకు పోయాను. గుంపు కోదాడ పోయిందని వాళ్ల అత్త చెప్పింది. కోదాడ దగ్గర వాళ్లను పిలిపించుకున్న రైతును పట్టుకుంటే, "నిన్ననే అయిపోయిందండీ మా నాటు. మిర్యాలగూడ వైపు వెళ్తామన్నారు" అన్నాడు. అక్కడి నుంచి మిర్యాలగూడ. రైసు మిల్లులు దాటి, నాలుగు ఊళ్లు అడిగి, చివరికి ఒక కాలువ కింద పొలంలో గొంతు విని గుర్తుపట్టాను. ఎవరినో తెలుగులో తిడుతోంది. చెప్పులు విడిచి మోకాళ్ల దాకా బురదలోకి దిగాను.

"ఏంది సార్, మళ్లా మునిగిందా మీ నారు?"

విషయం చెప్పాను. దవడలో దూదిపుల్ల గుర్తుందా అంటే తలూపింది. ఒక చిన్నపాపకు నీ కణాలు కుదిరేలా ఉన్నాయట, ఎవరో చెప్పరట, నీకు ఇష్టముంటేనేనట, ఎప్పుడైనా వద్దనే హక్కు నీకుందట అని గబగబా అప్పజెప్పాను. ఆమె నాటుతూనే వింది. వరస చివరికి వచ్చి నిలబడి అడిగింది:

"మడి దమ్ము చేసిన్రా సార్?"

నాకు అర్థం కాలేదు. పాప ఒంటి గురించి అడుగుతోందని తర్వాత తట్టింది. నేను ఏ క్లాసులోనూ చెప్పని తీరులో ఆమె దాన్ని పట్టుకుంది. "ఇంకా లేదు" అన్నాను. "అన్ని పరీక్షలూ అయ్యి నువ్వు సరేనన్నాక, తేదీ పెట్టుకుని, పాప ఒంట్లోని పాత మూలుగనంతా మందులతో తీసేస్తారు. అప్పుడు నీవి ఎక్కిస్తారు."

"తీసినంక నేను రాకపోతె?"

"పాప బతకదు."

గుంపంతా చేతులు ఆపి మా దిక్కు చూస్తోంది. "ఉన్నదా లేదా అన్నది దమ్ము చేయకముందుగాల్నే చెప్పాలె. చేసినంక లేదనొద్దు" అంది. తర్వాత మోచేత్తో ముఖం తుడుచుకుంది. "ఉన్నదని చెప్పుండ్రి సార్."

ఆమె భర్త ట్రాక్టరు నడుపుతాడు, దమ్ములు చేస్తాడు, తక్కువ మాట్లాడతాడు. ఇంట్లో అతని ముందు అంతా మళ్లీ చెప్పాను. అతను విని, నన్ను ఒక్కటే అడిగాడు.

"మీ ఇంట్ల మేడమునైతె పంపుదురా సార్?"

ఆమె నవ్వింది. "పంపడు. గందుకే మనింటికొచ్చిండు. ఎవ్వలో ఒకలు పోవాలె గదా" అంది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

పరీక్షలన్నీ అయ్యేసరికి మూడు నాలుగు నెలలు పట్టింది. తేదీ వచ్చి వచ్చి యాసంగి నాట్ల మధ్యలో పడింది. హైదరాబాద్ అమ్మాయి ముందే చెప్పింది, ఈ సూదుల వల్ల ఒళ్లు నొప్పులు వస్తాయి, నడుము, తుంటి బాగా లాగుతాయి, వస్తే చెప్పాలి, మాత్ర వేసుకోవాలి, బరువు పనులు చేయకూడదని. ఆమె రోజూ సూర్యాపేటలో సూది వేయించుకునేది. రోజూ ఆ అమ్మాయి ఫోన్‌లో నొప్పులున్నాయా అని అడిగేది. ఏం లేవని ఈమె చెప్పేది. అంత బలమైన మనిషా అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది.

మూడో రోజు నేను తండాకు పోతే మనిషి లేదు. ఊరి వెనక మడిలో ఉంది, గుంపుతో పాటు వంగి నాటుతోంది. నడుము ఎత్తినప్పుడల్లా పళ్లు బిగపట్టడం గట్టు మీదికే కనిపించింది.

"నొప్పి లేదని ఎందుకు చెప్పినవ్?" అని అరిచాను.

"నాట్ల దినాలల్ల నడుము నొయ్యని ఆడిది ఉంటదా సార్?" అని ఆమె నా కంటే గట్టిగా అరిచింది. "పదిహేనేండ్ల సంది ఉన్న నొప్పే. గది సూది నొప్పా, నాటు నొప్పా అని నడుముకు ఎట్ల ఎర్కైతది?"

గుంపు పకపకా నవ్వింది. నేను నవ్వలేదు, అక్కడే ఫోన్ కలిపి ఇచ్చాను. ఆ అమ్మాయి హడలిపోయింది. ఈ మందుకు కడుపులో ప్లీహం కొంచెం వాస్తుందట, బురదలో జారి పడితే ప్రమాదమట, వెంటనే గట్టెక్కమంది. ఆ మాటకు కాదు గానీ, "మీకేమన్నా అయితే పాప సంగతేంటమ్మా" అన్నాక ఆమె గట్టెక్కింది. రోజంతా గట్టు మీద కూర్చుని గుంపును అదిలించింది. "మేస్త్రికి రాజభోగం వచ్చింది" అని ఆడవాళ్లు ఆటపట్టించారు. కూర్చోవడం ఆమెకు నడుము నొప్పి కంటే కష్టమైంది.

హైదరాబాద్ దవాఖానాకు ముగ్గురం పోయాం, ఆమె, భర్త, నేను. రెండు చేతులకూ సూదులు గుచ్చి మిషన్‌కు కలిపారు. ఒక చేతి నుంచి రక్తం పోతుంది, ఇంకో చేతికి తిరిగి వస్తుంది. ఐదు గంటలు పట్టింది. అన్నేళ్లలో ఆమె చేతులు కదలకుండా ఉండటం నేను చూసింది ఆ ఒక్కరోజే. ముక్కు దురద పెడితే మోచేయి కూడా ఎత్తడానికి లేదు. నర్సు గోకి పెట్టింది. "బిడ్డా, నీ కడుపు సల్లగుండ" అని దీవించింది.

చివర్న సంచి తీసి చూపించారు. అరచేతిలో పట్టేంత సంచి, లోపల టమాట చారు రంగులో ఏదో. ఆ సమయానికి ఎక్కడో ఒక పాప మంచం మీద ఉంది. ఆ పాప ఒంట్లో సొంత మూలుగ లేదు, రక్తం పుట్టే దారి లేదు. దమ్ము చేసిన మడి. ఈ సంచి చేరితే ఉంటుంది, చేరకపోతే లేదు.

"గింతేనా సార్?" అంది ఆమె.

"ఇంతే."

"గింత నారుతోని మడి నిండుతదా?"

"నిండుతుంది. అవి పోయి వాటి చోటు అవే వెతుక్కుంటాయి. అవే పెరుగుతాయి."

ఆమె సంచి దిక్కు చూస్తూ తన భాషలో ఏదో అంది. నాకు ఆ భాష రాదు. అడగలేదు. భర్త కిటికీ వైపు తిరిగాడు. నేను ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం నా కళ్ల ముందు మంచం మీద పడుకుని ఉంటే, దానికి దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. "ఏంది సార్, నేనేమన్న సచ్చిననా" అని కసురుకుంది. తండాకు వచ్చాక, పోయిన మూలుగ మళ్లీ నిండాలని అత్త వారం రోజులు మేక నల్లి బొక్కలు ఉడికించి పెట్టింది. దానికీ దీనికీ సంబంధం లేదని నేను చెప్పబోతే, "ఊకోండి సార్, మంచిగున్నయి" అని నాకూ ఒకటి వేసింది.

ఏడాది దాటాక ఒక ఉత్తరం వచ్చింది. హైదరాబాద్ అమ్మాయి ద్వారా, పేరూ ఊరూ లేకుండా. పాప తల్లి రాసింది. నేను దాన్ని పట్టుకుని మా పొలం గట్టు మీద కూర్చుని ఆమెకు చదివి వినిపించాను. పాప రక్తం గ్రూపు మారిపోయిందట, ఇప్పుడు మీ గ్రూపే అని రాసింది. అది మామూలే. కొత్త మూలుగ ఎవరిదైతే గ్రూపూ వాళ్లదే అవుతుంది. పుస్తకాల్లో చదివిన విషయమే. అయినా ఆ వాక్యాన్ని రెండోసారి చదివాను. ఈ బురద కాళ్ల మనిషి రక్తం ఎక్కడో ఒక పాప బుగ్గల్లో ఎర్రగా తిరుగుతోంది. పాప పరిగెత్తినప్పుడు ఆ రక్తమే పరిగెత్తుతోంది. దీనికంటే పెద్ద వింత నేను చూడలేదు.

ఉత్తరంలో ఇంకో మాట ఉంది. 'మొన్న మొదటిసారి బడికి పంపాం. భయమేసి నేను సాయంత్రం దాకా గేటు దగ్గరే కూర్చున్నాను.'

రక్తం గ్రూపు మాటకు ఏమీ అనని ఆమె, ఈ మాటకు ఉలిక్కిపడింది. "పొద్దంతనా? మరి ఆ తల్లి ఏం తిన్నదట సార్?"

"అది రాయలేదు."

"అడుగుండ్రి. తినమని రాయుండ్రి."

రాశాను. ఇద్దరికీ ఇష్టమైతే ఇప్పుడు కలవొచ్చని కూడా ఆ అమ్మాయి చెప్పింది. ఆమె వద్దంది. "ఒక్కపారి సూస్తె ఇంకోపారి సూడబుద్దయితది. ఆ పిల్ల వాళ్లది" అంది. మళ్లీ నా దిక్కు తిరిగి, "ఇగ లేవుండ్రి, నీడకు కూసున్నరు" అని గదిమింది.

ఈ జూన్‌లో, నారు పోయడానికి ఆమె మడి చూసుకుంటుంటే మబ్బు పట్టింది. పిడుగు పడింది. ఒక్కతే ఉంది అక్కడ. అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

దినాల రోజు తండాకు పోయాను. జనం పలచబడ్డాక ఆమె భర్త నా పక్కన వచ్చి కూర్చున్నాడు. నాకు మోయడం ఇక చేతకాలేదు. చెప్పేశాను. ఆనాడు ఫోను వచ్చింది సోమవారం, నేను మీ ఆమెకు చెప్పింది గురువారం, మూడు రోజులు దాచాను, ఆ మూడు రోజుల్లో పాపకు జబ్బు తిరగబెట్టి ఉంటే ఆ పాపం నాదే అయ్యేది, ఆమె బతికుండగా చెప్పలేకపోయాను అని.

అతను తల ఊపాడు.

"ఆమెకు ఎర్కనే సార్. దవాఖానల పండుకున్నప్పుడు ఆ హైదరాబాద్ పిల్ల మాటల మీద చెప్పింది, సోమారం నాడే ఫోన్ చేసిన్నని. నాకు ఆమె ఇంటికొచ్చినంక చెప్పింది. 'సార్‌ను అడగకు, సార్‌కు బుగులైంది, అయినా బురదల దిగి వచ్చిండు' అన్నది."

అతను నా దిక్కు జరిగి, గొంతు తగ్గించి మళ్లీ చెప్పాడు.

"ఆమెకు మాత్రం బుగులు గాలేదా సార్? మీరు వచ్చి పోయిన కాడికెల్లి దవాఖాన అయ్యేదాంక, నాలుగు నెలలు, చేతులు ఒక్కతీర్గ వణికేటియి. గ్లాసు పట్టుకుంటె చాయ్ ఒలికేది. ఇడిచిపెట్టరాదే అన్న. ఇనకపాయె. గుంపుల ఎవ్వలికన్న తెలుస్తదని పొద్దుగాల్నే పోయి మడిల దిగేది. బురదల చేతులు పెడితె కనవడదని."

మా మూడెకరాలు ఆమె నాటింది ఆ నెలల్లోనే. మూడు రోజులు నేను గట్టు మీద నిలబడి చూశాను. ఒక్క వరస వంకర పోలేదు.